మా ఇంటి గోడల నిండా వాక్యమే

బెజవాడలో ఉంటూ దేవుణ్ణి మర్చిపోవడం అంత తేలికైన పని కాదు. ఒక పక్క ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ, ఇంకో పక్క గుణదల కొండ మీద మరియమ్మ, నడుమ మసీదుల్లో అజాను, సందుకో ప్రార్థన మందిరం, కోడి కూయకముందే మొదలయ్యే మైకులు. ఆటో వెనక దేవుడు, బస్సు డ్రైవరు నెత్తిన దేవుడు, కిరాణాకొట్టు గల్లాపెట్టె మీద దేవుడు. ఇంత కాపలా కన్నుగప్పి ఆయన్ని మర్చిపోవాలంటే మనిషిలో ఏదో విశేషం ఉండాలి. నాలో ఉంది.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ రైతు ఏ పంటకి ఎంత అప్పు తీసుకున్నాడో ఇప్పటికీ చెప్పగలను. పొద్దున్నే చేసిన ప్రార్థనలో ఏం అడిగానో మాత్రం కాఫీ చల్లారేలోపు మర్చిపోతాను. పోనీ, ఇది వంశపారంపర్యం అందామంటే కుదరదు. మాది బందరు దగ్గర పల్లెటూరు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఆంగ్లికన్ మిషనరీలు బందరులో దిగారు. రెండేళ్లకి నోబుల్ ఓ బడి పెట్టాడు. అదే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. ఆ మిషను చలవ మా తాతముత్తాతల దాకా వచ్చింది. వాళ్లంతా భక్తిపరులే. మరుపు నా స్వార్జితం.

మా ఆవిడది ఒంగోలు. బాప్టిస్టులు. 1878 జూలై 3న క్లౌ దొర మిషనులో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన చరిత్ర వాళ్లది. ఆ అంకె మా మామగారు తన ఫోన్ నంబరు కంటే ధాటిగా చెప్పేవారు. నాకు పసితనంలో అయ్యగారు నెత్తిన నాలుగు నీళ్లు చిలకరించి బాప్తిస్మం అయిందనిపించారు. ఆవిణ్ణి వయసొచ్చాక నిండా ముంచి లేపారు. "అల్లుడుగారి మతిమరుపుకి కారణం ఇంకేం లేదమ్మా, సరిగ్గా తడవలేదు" అని మామగారి తీర్మానం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లూ మెథడిస్టులూ ఇంకొందరూ కలిసి సి.ఎస్.ఐ. అయినప్పుడు బాప్టిస్టులు కలవలేదు. మా ఇంట్లోనూ ఈ విషయంలో ఇంతవరకూ కలవలేదు.

సరే, తడి చాలనివాడికి గుర్తు చేసేవి కావాలి కదా అని, రిటైరైన ఏడాది వాటిని కొనడం మొదలుపెట్టాను. దీనికి లేఖనాధారం లేకపోలేదు. దేవుడి మాటల్ని చేతికి కట్టుకోమనీ, ద్వారబంధాల మీద రాసుకోమనీ ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఉంది. యూదులు ఇప్పటికీ ఆ మాటల్ని తోలు మీద రాయించి, చుట్టి, చిన్న గొట్టంలో పెట్టి గుమ్మానికి బిగిస్తారు. మెజూజా అంటారు. మాకు గొట్టం దొరకలేదు గానీ, యెహోషువ 24వ అధ్యాయంలోని ఆ సుప్రసిద్ధమైన ప్రతిజ్ఞ ఇత్తడి అక్షరాల్లో గుమ్మం మీదకి వచ్చింది. ఫ్రిజ్ మీద గొర్రెల మందతో సహా కాపరి కీర్తన స్టిక్కరు వచ్చింది. హాల్లో రోజుకో వాక్యం చెప్పే క్యాలెండరు, బాత్రూము అద్దం పక్కన ఇంకోటి, స్విచ్చుబోర్డుల మీద వెలుగు గురించిన వచనాలు. చివరికి మా ఆవిడ నా బట్టతల వంక చూసి, "ఇంకా ఖాళీ అక్కడే ఉంది" అంది.

కొన్న వారం రోజులూ కళ్లు వాటి మీదే. ఆ తర్వాత అవన్నీ గోడలో కలిసిపోయాయి. ఫ్రిజ్ తలుపు రోజుకి ఎన్నిసార్లు తీస్తానో దేవుడికీ నా షుగరు డాక్టరుకీ తెలుసు. ఆ స్టిక్కరు మీద గొర్రెలెన్ని అంటే మాత్రం చెప్పలేను. ఇత్తడి అక్షరాల సంగతి ఇంకా ఘోరం. ఓ సాయంత్రం వాటి వెనకే, అంటే తలుపుకి లోపలివైపు నిలబడి, మా ఆవిడా నేనూ పెళ్లి కట్నాల విషయమై గొంతు పెంచుకున్నాం. కాసేపటికి తలుపు తీస్తే, చందా పుస్తకం పట్టుకుని సంఘపెద్ద ఒకాయన గుమ్మం మీది అక్షరాలు శ్రద్ధగా చదువుతూ నిలబడి ఉన్నాడు. "వచ్చి చాలాసేపైందా అండీ?" అన్నాను. "లేదండి, ఇప్పుడే. 'మీ పుట్టింటివాళ్ల సంగతి నాకు తెలీదా' దగ్గర వచ్చాను" అన్నాడు.

అలారం సంగతీ చెప్పాలి. తెల్లవారుజామున ఐదింటికి ఫోనులో భక్తిపాట మోగేట్టు పెట్టాను. మామూలు గంట మోగే రోజుల్లో చెయ్యి చాపి ఆపేసి పడుకునేవాణ్ణి. దేవుడి పాట మధ్యలో ఆపడం పాపం కదా, అందుకని ఇప్పుడు చివరిదాకా వింటూ పడుకుంటున్నాను. ఆ మోతకి మా ఆవిడ లేచి కూర్చుంటోంది. ఆ రకంగా మా ఇంట్లో వేకువ ప్రార్థన క్రమం తప్పకుండా జరుగుతోంది.

ఇక వాట్సాప్. బైబిలు మొత్తాన్నీ ఏడాదిలో చదివించే పట్టిక ప్రకారం మా సంఘం గ్రూపులో రోజూ ఒక భాగం వస్తుంది. దాన్ని చదవకుండా బంధువులందరికీ పంపడం నా దినచర్య. పంపితే చదివినట్టేనని నా లెక్క. బ్యాంకులో ఫైలు పక్క టేబులుకి నెట్టి పని అయిందనుకునే అలవాటు ఎక్కడికి పోతుంది? మా బావమరిది అరవయ్యో పుట్టినరోజు నాడు వచ్చిన భాగం యోబు గ్రంథం మూడో అధ్యాయం. దానికి పైన గులాబీల బొకే బొమ్మ తగిలించి, ఈ శుభదినాన నీకోసం దేవుడి మాట అని పంపించాను. ఆ అధ్యాయం ఆసాంతం యోబు తాను పుట్టిన రోజుని శపించుకోవడమే. ఒంగోలువాళ్లతో వచ్చిన చిక్కేమిటంటే, వాళ్లు చదువుతారు. "బావా, ఆశీర్వాదం అందింది" అని ఒక్క ముక్క చెప్పి ఫోను పెట్టేశాడు.

కారు వెనక అద్దానికి కూడా పావురమూ, దాని కింద 'ప్రైజ్ ది లార్డ్' అన్న అక్షరాలూ అతికించాను. బెంజి సర్కిల్ దగ్గర ఓసారి ఇండికేటరు వేయకుండా ఎడమకి కోశాను. వెనక వస్తున్న ఆటో కుర్రాడు బ్రేకు తొక్కి, పక్కకొచ్చి, నోరు తెరిచి, స్టిక్కరు మీద గౌరవం కాబోలు, మాట మార్చుకున్నాడు. "ప్రైజ్ ది లార్డ్ బాబాయ్! నువ్వెటు తిరుగుతావో ఆయనకి తెలుసు. మాకెట్టా తెలుస్తది?" అన్నాడు. ఈమధ్య నేను విన్న ప్రసంగాల్లో అంత క్లుప్తంగా, అంత సూటిగా ఉన్నది ఇంకోటి లేదు. స్టిక్కరు నాకు కనిపించని చోట ఉంది, వెనక వచ్చేవాళ్లందరికీ కనిపిస్తోంది. వాళ్లు నన్ను దానితో పోల్చి చూసుకుంటున్నారు. ఇంటికొచ్చి గోరుతో గీకాను. పావురం పోయింది, అక్షరాలు పోలేదు.

ఈ కష్టంలో ఉండగా ఓ పుస్తకం చేతికొచ్చింది. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో ఒక కార్మెలైట్ మఠం. అందులో బ్రదర్ లారెన్స్ అని ఒక సోదరుడు. అంతకుముందు సిపాయి. మఠంలో ఆయనకి అప్పజెప్పింది వంటిల్లు. చాలా ఏళ్లు అంట్లగిన్నెల మధ్యే గడిపాడు, తర్వాత చెప్పులు కుట్టే పనికి మారాడు, 1691లో పోయాడు. గిన్నెలు తోముతున్నా గుడిలో మోకరించినా దేవుడి సన్నిధి ఒకటేనని ఆయన అనుభవం. ఆయన మాటలూ ఉత్తరాలూ చనిపోయాక పుస్తకమైతే, లోకమంతా చదువుతోంది. ఇదేదో నాకు సరిపోయేట్టుంది, గోడలతో పని లేదు అనుకుని, మర్నాడే వంటింట్లో ప్రవేశించాను. పాలు పొయ్యి మీద పెట్టి సన్నిధిని అనుభవించడం మొదలుపెట్టాను. కళ్లు తెరిచేసరికి పాలు గట్టు దిగి, స్టవ్వు కిందనుంచి, గ్యాసు బండ దాకా వెళ్లాయి. మా ఆవిడ గుడ్డతో తుడుస్తూ, "ఆ బ్రదరు గారికి పెళ్లయిందా?" అంది. కాలేదన్నాను. "మరే" అంది. మరే అన్న ఆ ఒక్క మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయగలిగినవి. ఒకటి మాత్రం ఉంది, చెప్పాలంటే కాస్త గొంతు సవరించుకోవాలి.

క్రైస్తవుల నోట అతి తేలిగ్గా వచ్చే మాట, మీకోసం ప్రార్థన చేస్తాం అన్నది. ఎవరైనా కష్టం చెప్పుకుంటారు, మనకి ఏం చెప్పాలో తోచదు, ఈ మాట అనేస్తాం. వాళ్లకి ఊరట, మనకి సెలవు. నాతో పనిచేసిన హెడ్ క్యాషియరు ఒకాయన ఉన్నారు. నుదుట మూడు విభూతి రేఖలు లేకుండా నేనెప్పుడూ చూళ్లేదు. ఆయనకి గుండె ఆపరేషన్ అన్నారు. చూడ్డానికి వెళ్తే, నా చెయ్యి పట్టుకుని, "సోమవారం పొద్దున ఎనిమిదింటికి తీసుకెళ్తారట సార్. మీరు ఆ టైముకి మీ ప్రార్థన చెయ్యండి. ఆ పూట ఎవరు డ్యూటీలో ఉంటారో మనకి తెలీదు కదా" అన్నారు. తప్పకుండా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

నా సంగతి నాకు తెలుసు కాబట్టి, బయటికి రాగానే జేబురుమాలుకి ముడి వేశాను. దీనికీ ఆధారముంది. బట్టల అంచులకి కుచ్చులు కట్టుకుని, వాటిలో నీలిదారం వేసుకుని, చూసినప్పుడల్లా ఆజ్ఞలు తలుచుకోమని సంఖ్యాకాండం 15వ అధ్యాయం. మా అమ్మ కూడా కిరాణా సామానుకి కొంగు ముడి వేసుకునేది, ఒక్క దినుసు తప్పేది కాదు. నా ముడి మాత్రం ఆదివారం రాత్రి వాషింగ్ మెషీన్లోకి వెళ్లింది. మెషీన్లో వేసేముందు మా ఆవిడ, శుభ్రమైన మనిషి, దాన్ని విప్పేసింది. సోమవారం ఎనిమిదింటికి నేను ఏం చేస్తున్నానంటే, పేపర్లో సుడోకు పూర్తిచేస్తున్నాను.

రెండు నెలల తర్వాత ఆయనే ఇంటికొచ్చారు. కాస్త చిక్కారు, రేఖలు మూడూ యథాస్థానంలో ఉన్నాయి. చేతిలో కిలో బందరు లడ్డు. "మీ ప్రార్థనే సార్. మత్తు ఇచ్చేముందు గోడ గడియారం చూశాను. సరిగ్గా ఎనిమిది. ఇప్పుడు మా సార్ మోకాళ్ల మీద ఉంటారు అనుకున్నాను. భయం పోయింది" అన్నారు.

నిజం చెప్పాలి. చెప్పలేదు. "అంతా ఆయన దయ" అని పైకి చూపించాను. ఆ ఒక్క మాటా అబద్ధం కాదు. ఆయన వెళ్లాక డబ్బా తెరిచాను. నేతిలో మెరుస్తున్న లడ్డు గొంతు దిగలేదని రాస్తే ఈ వ్యాసం ఉన్నతంగా ఉండేది. దిగింది. రెండోది కూడా దిగింది. ఆ రాత్రి మోకరించి, రెండు నెలల కిందటి ఆపరేషన్ విజయవంతం కావాలని ప్రార్థన చేశాను. దేవుడికి భూతభవిష్యత్తులు ఒకటేనంటారు కదా, వెనకటి తేదీతో వోచరు పాస్ చేస్తాడని ఆశ. బ్యాంకులో అలా చేస్తే ఉద్యోగం పోతుంది.

గుణదల విషయంలో నా పరిస్థితి ఇంకో రకం. కొండకి నడిచి వెళ్లేంత దూరంలోనే మా ఫ్లాటు. 1924లో అక్కడి అనాథశరణాలయం చూసుకునే ఆర్లాటి అనే ఇటలీ ఫాదరు కొండ గుహలో లూర్దుమాత విగ్రహం పెట్టించాడు. ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ అనే పిల్లకి మరియమ్మ మొదటిసారి కనిపించింది 1858 ఫిబ్రవరి 11న అంటారు, అందుకే ఇక్కడ ఉత్సవం ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. లక్షల్లో వస్తారు. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. వచ్చేవాళ్లలో హిందువులు బోలెడంత మంది. మా పక్క ఫ్లాటు పిన్నిగారు అందులో ఒకరు. దసరాకి దుర్గమ్మ కొండ, ఫిబ్రవరిలో మరియమ్మ కొండ, ఏదీ మానరు. మోకాళ్ల నొప్పులతోనే ఎక్కుతారు. "మీ అమ్మవారే కదండీ, మీరు రారేం?" అని ఏటా అడుగుతారు. మేం సి.ఎస్.ఐ. వాళ్లమండీ, గౌరవిస్తాం గానీ మొక్కులు ఉండవండీ అని, సంస్కరణోద్యమం దగ్గర్నుంచి మొదలుపెడతాను. పిన్నిగారు ఓపిగ్గా వింటారు. మార్టిన్ లూథర్ దాకా వచ్చేసరికి, "అంటే కొండెక్కలేరన్నమాట. పర్లేదు, మీ తరఫున కూడా ఓ కొవ్వొత్తి వెలిగిస్తాలెండి" అని వెళ్లిపోతారు. ప్రతి ఏడూ వెలిగిస్తున్నారు కూడా. ఆవిడ రుమాలుకి ముడి వేసుకోగా నేను చూళ్లేదు.

పిన్నిగారు అడిగినంత సూటిగా అడిగేది ఇంకొకత్తి ఉంది. మా మనవరాలు. హైదరాబాదు నుంచి వేసవి సెలవులకి వస్తుంది, కొత్తగా తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటోంది. దానివల్ల మా ఇంటి గోడలకి మళ్లీ ప్రాణం వచ్చింది. పొద్దున్నే ఫ్రిజ్ ముందు నిలబడి, "తాతా, ఈ గొర్రెలన్నీ ఎవరివి?" అంది. దేవుడివమ్మా అన్నాను. గొర్రెలంటే మనమేననీ, ఆయన కాపరి అనీ అర్థం చెప్పాను. శ్రద్ధగా విన్నది. ఆదివారం గుడి నుంచి వచ్చాక కూర గిన్నె మూత తీసి, "మరి ఇదెవరు?" అంది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక బాల్కనీలోకి పోయింది. నేను కాపరి కీర్తనని ఆ మధ్యాహ్నం పదేళ్ల తర్వాత మొదటిసారి మొత్తం చదివాను, ఎక్కడైనా ఈ చిక్కుకి విడుపు ఉందేమోనని.

యొర్దాను నది దాటినప్పుడు యెహోషువ నది నడిమధ్య నుంచి పన్నెండు రాళ్లు ఎత్తించి గిల్గాలులో నిలబెట్టించాడు. ఎందుకంటే, ముందు ముందు పిల్లలు ఈ రాళ్లేమిటని అడుగుతారు, అప్పుడు చెప్పండి అని. సన్‌డే స్కూల్లో బహుమతి తెచ్చుకున్న పాఠమే ఇది. రాళ్లు నిలబెట్టినవాడి జ్ఞాపకం కోసం కాదన్న సంగతి అప్పట్లో నా బుర్రకెక్కలేదు. నేనేమో ఎవరూ అడక్కుండా చదువుకుని పోయే రాళ్లు కొని పెట్టాను, కొన్నవి కూడా డిస్కౌంటులో.

మా మామ్మ గోడ మీద ఏమీ ఉండేది కాదు. ఆవిడకి చదువు రాదు కాబట్టి రాసినా లాభం లేదు. ఆ కాలంలో మా ప్రాంతం దోర్నకల్ డయోసిస్ కింద ఉండేది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ వి.ఎస్. అజరయ్యగారు 1912 నుంచి నడిపిన డయోసిస్ అది. అన్నం వండబోయే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి గుప్పెడు తీసి గుడికోసం పక్కన పెట్టడం అక్కడి పల్లె ఆడవాళ్ల అలవాటు. మామ్మకి దానికో కుండ ఉండేది. ఇంట్లో నూకలు ఉన్నా, అప్పు తెచ్చిన బియ్యమైనా గుప్పెడు గుప్పెడే. పిల్లాడిగా ఉన్నప్పుడు నాకు ఆకలి ఎక్కువ. మనకే చాలకపోతే ఎందుకు తీస్తున్నావే అని అడిగాను. ఆవిడ ఏం చెప్పిందో ఈ వయసులో కూడా మాట మాట చెప్పగలను, నా జ్ఞాపకశక్తి గురించి ఇంతసేపు చెప్పినదంతా అబద్ధమనిపించేలా. "అందుకేరా" అంది. అంతే.

ఈమధ్య నేనూ మొదలుపెట్టాను. రెండు పూటలా గుప్పెడు సాంబమసూరి ఓ స్టీలు డబ్బాలో పోస్తున్నాను. డబ్బా నిండాక గుడికి తీసుకెళ్తే అయ్యగారు సంతోషించి, ఇప్పుడు బియ్యం తీసుకోవడం లేదండీ, పురుగు పడుతుంది, కానుకలకి క్యూఆర్ కోడ్ ఉంది అని గోడ వైపు చూపించారు. వెనక్కి తెచ్చి మా అపార్టుమెంటు వాచ్‌మన్ భార్యకి ఇస్తే, "రేషన్‌వా అయ్యగారూ?" అని గుప్పెట్లో పోసుకుని చూసి, లోపలికి తీసుకెళ్లింది. మా ఆవిడ రేటు లెక్కగట్టి ఊరుకుంది. ఒంగోలువాళ్లకి దానధర్మాల్లో అభ్యంతరం ఉండదు, చెప్పి చేయాలంతే.

మొన్న సాయంత్రం బియ్యం కొలిచి గిన్నెలో పోసి గుప్పెడు తీస్తుంటే మనవరాలు వచ్చింది. "ఎందుకు తాతా తీస్తున్నావ్?" అంది. మామ్మ చెప్పింది చెబుదామనుకున్నాను గానీ, నాది మాటలు పెంచే అలవాటు కదా, కుర్చీ వేసుకుని కూర్చుని కుండ దగ్గర్నుంచి, కరువు దగ్గర్నుంచి, అజరయ్యగారి దగ్గర్నుంచి చెప్పుకొచ్చాను. నోరు తెరుచుకుని విన్నది. విని, తనూ స్టూలెక్కి రెండు చేతులూ గిన్నెలో పెట్టింది. ఇది నాది, ఇది నాన్నది, ఇది అమ్మది, ఇది నాయనమ్మది, ఇది వాచ్‌మన్ తాతది అంటూ డబ్బాలోకి ఎత్తిపోసింది. ఆపుదామనుకున్నాను. ఏమని ఆపుతాను?

గిన్నెలో మిగిలినవి కడిగి కుక్కర్లో పెట్టిన మా ఆవిడ, మూత తీశాక నా వంక చూసింది. ఇద్దరికి చాలేంత అన్నం ఉంది, ముగ్గురం ఉన్నాం. చెప్పులేసుకుని వీధి చివర బండి మీద ఇడ్లీలు కట్టించుకొచ్చాను. అల్లప్పచ్చడి అడగడం మర్చిపోయాను.